గీతలున్న వైపు

పాత తలుపు కొనేముందు ఆమె ఎప్పుడూ కిందికే చూస్తుంది. పైభాగం సంగతి అమ్మేవాడు చూసుకుంటాడు. చెక్కడం పనినీ ఇత్తడి పిడినీ చూపించి గొప్పలు చెబుతాడు. ఆమె అవేవీ పట్టించుకోకుండా గొంతుకూర్చుని, అడుగు పట్టీలో బొటనవేలి గోరు గుచ్చుతుంది. గోరు లోపలికి దిగిందా, బట్టలు దులుపుకుని లేచి వెళ్ళిపోతుంది. కూల్చే ఇళ్ళ దగ్గర తలుపులూ కిటికీలూ కొని, బాగుచేయించి అమ్మే వ్యాపారం ఆమెది. బజారంతా తలుపులావిడ అంటారు. ఆవిడకు పుచ్చిపోయిన రెక్క అంటగట్టాలంటే ఇంకో జన్మ ఎత్తాలని తోటి వ్యాపారులే నవ్వుతూ ఒప్పుకుంటారు.

ఆ రోజు పొద్దున కూడా ఒక జత తలుపుల కోసమే బయల్దేరింది. పెద్ద ఇల్లు పడగొడుతున్నారు, మధ్యాహ్నం దాటితే ఆ తలుపులు వేరేవాళ్ళ లారీ ఎక్కేస్తాయి. తన ఇల్లూ మరమ్మతులోనే ఉంది. వంటగది గోడ సగం పడింది, ముందుగదిలో గచ్చు తవ్వేశారు, ఇంటిల్లిపాదీ సిమెంటు దుమ్ములో తుమ్ముతూ తిరుగుతున్నారు. నడవాలో గోనెపట్టా మీద నల్లకుక్క పడుకుని ఉంది. కాలిపోయిన ఇంటి తలుపులు కొనడానికి వెళ్ళినప్పుడు బూడిదలోంచి తెచ్చిన పిల్ల అది. అందుకే మసి అని పిలుచుకుంది. ఇప్పుడు వెనక కాళ్ళు రెండూ పడిపోయాయి. తిండి మానేసింది. డాక్టరు చూసి, ఇక బాధపెట్టకండి, సాయంత్రం నేనే ఇంటికొచ్చి నొప్పి లేకుండా పోయే సూదిమందు ఇస్తాను, అన్నాడు.

ఆమె మనసులో లెక్క వేసుకుంది. ఇప్పుడు వెళితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అప్పటినుంచి డాక్టరు వచ్చేదాకా ఆ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చోవచ్చు. తలుపులూ దక్కుతాయి, ఆ పూటా దక్కుతుంది.

"నేను వచ్చేదాకా ఎవరూ ఏమీ చెయ్యొద్దు," అని గట్టిగా చెప్పింది. చెప్పింది మొగుడితోనే అయినా, వినాల్సింది నడవా చివర గది ముందు నిలబడి పళ్ళు తోముకుంటున్న బావగారు.

మొగుడికి అన్న ఆయన. పెళ్ళి చేసుకోలేదు. నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇంటింటికీ తిరిగే రోజుల్లో కుక్కలు కరిచిన గుర్తులు పిక్కల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఎవరైనా అడిగితే చాలు, పంట్లాం పైకి లాగి చూపిస్తాడు. మసిని ఆయన ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. "ఏయ్" అనేవాడు. గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవాడు. నా గది నేనే ఊడ్చుకుంటాను, ఎవరూ రావక్కర్లేదు, అనేవాడు. ఆమె ఆ గదిలోకి తొంగిచూసిన పాపాన పోలేదు.

"విన్నారా బావగారూ?" అంది.

ఆయన నోట్లో నురగతో తల ఊపాడు.

మధ్యాహ్నం లారీ గేటు ముందు ఆగింది. దొరికిన తలుపులు మంచివి, బేరం కూడా మంచిదే. ఆమె దూకినట్టుగా దిగింది. గేటు దగ్గర మొగుడు నిలబడి ఉన్నాడు. లారీలో ఏముందో చూడలేదు. ఆమె మొహంలోకీ చూడలేదు.

"ఇదిగో, ముందు కాసిని మంచినీళ్ళు తాగు," అన్నాడు.

ఆమె అతన్ని దాటుకుని లోపలికి నడిచింది. నడవాలో గోనెపట్టా లేదు. పెరట్లో ఇసకకుప్ప పక్కన నేల కొత్తగా తవ్వి పూడ్చి ఉంది. పంపు దగ్గర బావగారు పార కడుగుతున్నాడు. పార ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా కడుగుతూనే ఉన్నాడు.

"అయిపోయింది," అన్నాడు, పంపు కట్టకుండానే. "డాక్టరు పొద్దున్నే దొరికాడు."

"నేను వచ్చేదాకా ఆగమన్నాను."

"ఆగితే లాభం ఎవరికి? దానికా, నీకా?"

లాభం అన్న మాట ఆయన ఏరి వాడాడనిపించింది. ఆమె బతుకంతా వాడుకున్న మాటే అది. దాన్నే తీసుకుని మొహాన కొట్టినట్టయింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. లారీ దగ్గరికి తిరిగి వెళ్ళి, తలుపులు దించేవాళ్ళతో, "మూలలు జాగ్రత్త. నేలకి కొట్టకండి," అంది.

మొగుడు వెనకాలే వచ్చి, "అన్నయ్య బుద్ధి తెలిసిందేగా. మనసులో పెట్టుకోకు," అన్నాడు.

"పెట్టుకుంటాను."

"పెద్దవాడు కదే."

"నేను చిన్నదాన్నేం కాదు."

చెంప మీద ఒకటి ఇచ్చుకుంటే నిమిషంలో తీరిపోయే కోపం కాదు అది. అరిచి పోట్లాడినా ఒక పూటకే సరిపోతుంది. రోజూ కొంచెం కొంచెంగా, ఆయన బతికినన్నాళ్ళూ వసూలయ్యే దారి కావాలి. అలాంటి సరుకు వెంటనే దొరకదని ఆమెకు తెలుసు. కళ్ళు తెరుచుకుని తిరుగుతుంటే దానంతటదే ఎదురుపడుతుందనీ తెలుసు.

మర్నాడు దుకాణానికి వెళుతూ డాక్టరు దగ్గర ఆగింది.

"సాయంత్రం వస్తానన్న మనిషివి పొద్దున్నే ఎందుకొచ్చావయ్యా?"

డాక్టరు ఇబ్బందిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మీ బావగారే వచ్చారండీ. నేనింకా తలుపు తియ్యలేదు, గుమ్మంలో నిలబడి ఉన్నారు. సాయంత్రం కదా అంటే, కాదు, ఇప్పుడే రా అన్నారు. చొక్కా గుండీలు కూడా ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నారు, అంత తొందర."

"అంత తొందర," అంది ఆమె. ఆ మాటను నాలుక మీద తిప్పి చూసింది. "పట్టుకున్నది ఎవరు దాన్ని?"

"ఆయనేనండీ."

"కదలకుండా నొక్కి పట్టుకున్నాడా?"

"కదిలే ఓపిక దానికెక్కడిదండీ," అన్నాడు డాక్టరు.

ఆమె దుకాణం మాట వదిలేసి వెనక్కి తిరిగింది. ఆ రెండు ముక్కలూ కోపంలో కలిపేసుకుని ఇంటికొచ్చేసరికి, వడ్రంగి తలుపులు విప్పి పెరటి గోడకి వరసగా ఆనించి ఉంచాడు. ఇంట్లో అన్నిటికీ కొత్త తలుపులు రావాలి. పాతవి దుకాణానికి పోవాలి. ఆమె అలవాటు కొద్దీ వరస మొదట్లో గొంతుకూర్చుని ఒక్కొక్క రెక్క అడుగూ చూసుకుంటూ జరిగింది. మూడోదో నాలుగోదో, దాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అడుగు పట్టీ మీద, దాని పైన మోకాలెత్తు దాకా, గీతలు. రంగు లేచిపోయి, కర్ర కూడా లేచిపోయి, కొన్నిచోట్ల వేలు పట్టేంత లోతు. ఒక్క చలికాలం గీతలు కావవి. పాత వాటి అంచులు అరిగి నున్నగా అయ్యాయి. వాటి మీదే కొత్తవి పడ్డాయి.

"ఇది ఏ గదిది?" అని అడిగింది.

"పెద్దాయన గదిది అమ్మగారూ," అన్నాడు వడ్రంగి.

తెల్లవారుజామున మంచం మీద సగం నిద్రలో వినే చప్పుడు గుర్తొచ్చింది. బరబరమని గోళ్ళు. వెంటనే ఆయన గొంతు, "ఏయ్!" అని. అంటే ఇన్నేళ్ళూ చలికి తట్టుకోలేక ఈ తలుపు గీరింది. ఆయన పక్కమీదినుంచే కసిరాడు. తలుపు తియ్యలేదు. చివరికి ఆ తొందర. ఆమె గీతలో వేలు పెట్టి చివరిదాకా లాగింది. చెక్కపేడు ఒకటి గుచ్చుకుంది. దాన్ని పంటితో పీకి ఉమ్మేసింది.

వెతుకుతున్న సరుకు దొరికింది.

సాయంత్రం బజారులో పక్క దుకాణం ఆయన పాత తలుపులు చూడడానికి ఇంటికొచ్చి, పెరట్లో ఆ తలుపును తట్టి చూశాడు. "పాత టేకు. నాకిచ్చెయ్, అడుగు కోసి కిటికీ చేయించుకుంటా."

"అమ్మేది కాదు."

"నువ్వు అమ్మనిది కూడా ఉంటుందా? పొద్దున ఎవరి మొహం చూసి లేచానో!"

"నా మొహమే అయ్యుంటుంది. పని చూసుకో," అంది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె మామూలు గొంతుతో, బావగారి గదికి పాత తలుపే వేయిస్తున్నాను, అంది. ఇప్పుడొచ్చే కొత్తవన్నీ అట్టముక్కలు, ఆయనకి టేకే ఉండాలి, దాని కర్ర ముందు ఇవి నిలవవు, అని దుకాణంలో కొనేవాళ్ళకి చెప్పినట్టే చెప్పింది. మొగుడు ఆమె వైపు అనుమానంగా చూశాడు. బావామరదళ్ళ మధ్య ఇంత ప్రేమ ఎప్పుడు మొలిచిందో అతనికి అర్థం కాలేదు, కానీ అడిగి తన్నులు తినేంత అమాయకుడు కాదు.

బావగారు ముద్ద కలుపుతూ ఆగాడు. "నా గది తలుపు అమ్మెయ్యలేదా అయితే?"

"ఏం, అమ్మెయ్యాల్సిందా?"

"ఊరికే అడిగా. ఏదైతేనేం. మూసుకుంటే చాలు."

మూసుకో, అనుకుంది ఆమె. మూసుకున్నప్పుడల్లా కనబడుతుంది.

ఆమె మనసులో గది మొత్తం తయారైంది. మంచం ఎదురుగోడకి వేయిస్తుంది. ఆయన పడుకుంటే కళ్ళు సరిగ్గా తలుపు అడుగున పడతాయి. గీతలు గదిలోపలి వైపుకి రావాలి. రోజూ పడుకునే ముందు చివరగా చూసేది అవే, లేవగానే మొదట చూసేదీ అవే.

వడ్రంగి ఆ తలుపును బల్ల మీద పడుకోబెట్టి అంచులకి చిత్రిక పడుతుంటే పక్కనే నిలబడి చెప్పింది. "ఇదివరకున్నట్టు కాదు. తిప్పి బిగించు. లోపలిది బయటికి, బయటిది లోపలికి."

"తిప్పితే మడతబందులు రెండో అంచుకి మారతాయి అమ్మగారూ. కొత్త గాట్లు కొయ్యాలి. గడియ కూడా అటు మార్చాలి. ఎందుకొచ్చిన తంటా?"

"నీకెందుకు? చెప్పింది చెయ్యి."

ఎందుకో చెప్పే అలవాటు ఆమెకు లేదు. కారణం బయటపెడితే బేరం పలచబడుతుంది.

"అందరికీ కొత్తవి, పెద్దాయనకి పాతదా? వయసుని బట్టి పంచుతున్నట్టున్నారు," అని నవ్వాడు వడ్రంగి. "పోన్లెండి, ఈ గీతలైనా పూడుస్తా. లప్పం పెట్టి రుద్దితే ఇక్కడ కుక్క గీరిందని దాని అమ్మ కూడా కనిపెట్టలేదు."

"గీతల మీద చెయ్యి పడిందంటే నిన్నే ఆ ద్వారబంధంలో పెట్టి బిగిస్తా. నూనె రాయి, అంతే."

వడ్రంగి నవ్వు ఆపి, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని పనిలో పడ్డాడు. ఆమె దుకాణానికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా కొనేవాళ్ళతో ఎంత తీయగా మాట్లాడిందంటే, వాళ్ళకే భయమేసింది.

తిరిగొచ్చేసరికి వడ్రంగి సామాన్లు సంచీలో సర్దుకుంటున్నాడు. నడవా చివర తలుపు బిగించి, మూసి ఉంది. నూనె పీల్చుకుని కర్ర నిగనిగలాడుతోంది. గీతలు ఆమెకు ఎదురుగా, నడవా వైపే ఉన్నాయి.

"ఏమయ్యా, నీకు తెలుగులోనేగా చెప్పాను? తిప్పమన్నానా లేదా?"

"తిప్పానుగా."

"ఏం తిప్పావు? గీతలు బయటికే ఉన్నాయిగా!"

"ఇదివరకు లోపలికి ఉండేవి," అన్నాడు వడ్రంగి, తన తప్పేమిటో తెలియక. "మీరు బయటికన్నారు, బయటికి పెట్టా."

"లోపలికా?" అంది ఆమె.

"గుర్తు పెట్టుకునే విప్పుతానండీ నేను. మీ దుకాణంలో నేర్పిందేగా ఇది. లోపలి వైపు, పైమూలన. ఇంకా చెరపలేదు, చూడండి."

ఆమె తలెత్తింది. తలుపు పైమూలన, గీతలున్న వైపే, సుద్దతో గీసిన అడ్డగుర్తు ఉంది. పెరట్లో గోడకి ఆనించి ఉన్నప్పుడూ అది అక్కడే ఉండి ఉంటుంది. ఆమె కింద తప్ప పైన చూడలేదు. గుర్తు కింద, భుజమెత్తున, పాత గడియ ఉండే చోట మేకుల కంతలు. అవీ ఇటువైపే. పడుకునేటప్పుడు వేసుకునే గడియను ఏ ఊళ్ళోనూ ఎవరూ గదికి బయటివైపు పెట్టుకోరు.

"వెళ్ళిరా," అంది వడ్రంగితో. "రేపు మాట్లాడదాం."

అతను వెళ్ళాక గొంతుకూర్చుంది. ఈసారి కొనేదాని లాగా చూసింది, తొందర లేకుండా. గీతలు తిప్పకముందు తలుపు తెరుచుకునే అంచున ఉన్నాయి, పాత గడియ కంతలకి సరిగ్గా కింద. కొన్ని వెనక కాళ్ళ మీద లేచి గీసినవి. ఆఖరివి బాగా కిందికి ఉన్నాయి, లేవలేని కుక్క పడుకునే గీసినవి. బయటికి వెళ్ళాలి, తలుపు తియ్యి, అని అడిగిన గీతలు. తెల్లవారకముందే బరబర. "ఏయ్," అని గొంతు. ఆ గొంతులో కసురు ఉందని ఇంతకాలం ఎందుకనుకుందో ఆమెకే తెలియలేదు. తను లేచి నడవాలోకి వచ్చేసరికి మసి గోనెపట్టా మీద, రాత్రంతా అక్కడే పడుకున్నట్టు, తోక ఆడించేది. ఆయన చీపురుతో తన గది తనే ఊడ్చుకుంటూ ఉండేవాడు.

ఆమెకు జాలి కలగలేదు. ముందు కలిగింది కోపమే, పాతదాని మీద ఇంకో పొర. రాత్రులన్నీ తనే దాచుకున్నాడు. ఒక్కనాడు కూడా ఒప్పుకోలేదు. అంత సొమ్ము అనుభవించిన మనిషి, చివరి ఒక్క పూటైనా ఆమెకి మిగల్చలేదు.

మర్నాడు సాయంత్రం బావగారు పరుపుచుట్ట చంకన పెట్టుకుని గదిలోకి మారాడు. ఆమె వంటగదిలో కొత్త గట్టు తుడుస్తూ చెవి అటే పెట్టింది. తలుపు మూసిన చప్పుడు. గడియ వేసిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ గడియ తీశాడు.

ఆమె వెళ్ళేసరికి ఆయన తలుపు లోపలి వైపు వంగి, నున్నటి అడుగు పట్టీ మీద అరచేత్తో వెతుకుతున్నాడు. దీపం ఆరిపోయిన గదిలో అగ్గిపెట్టె వెతికినట్టు అటూ ఇటూ తడుముతున్నాడు.

"తిప్పించావా?" అన్నాడు, లేవకుండానే.

"తిప్పించాను."

"ఎందుకు?"

సరుకు కొన్న ధర చెప్పని మనిషి ఆమె. ఇప్పుడు మాత్రం చెప్పేసింది. "మిమ్మల్ని ఏడిపించడానికి. అది గీరితే మీరు తలుపు తియ్యలేదనుకున్నాను. ఆ గీతలు మీరు రోజూ చూడాలనుకున్నాను."

"తీసేవాణ్ణి," అన్నాడు.

"తెలిసింది. ఇన్నాళ్ళూ నోరు తెరిచి ఒక్క ముక్క అన్నారా? పిక్కలు చూపించడం తప్ప!"

ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టి మెల్లగా లేచాడు. పంట్లాం సర్దుకున్నాడు. "కుక్కలంటే పడదని ఊరంతా చెప్పుకుని తిరిగాక, ఎలా చెప్పమంటావు?"

"ఆ రోజు ఎందుకు ఆగలేదు?"

"నువ్వు వీధి దాటావో లేదో, అరవడం మొదలెట్టింది. అదివరకెప్పుడూ అలా అరవలేదు. నీ మొగుడు చెవులు మూసుకుని మిద్దెమీదికి పోయాడు." ఆయన గోడ వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "నీకు ఫోను చెయ్యాలనే అనుకున్నా. చేస్తే వస్తున్నా, ఆపమని అనేదానివి."

ఆమె ఆలోచించింది. లారీ బేరం మధ్యలో ఫోను మోగి ఉంటే ఏమనేదో ఆమెకు బాగా తెలుసు.

"అనేదాన్నే," అంది.

"అంటే ఆపాల్సొచ్చేది."

వంటగదిలో తడిగుడ్డ నీళ్ళు గట్టు మీదినుంచి చుక్కలుగా కారుతున్న చప్పుడు వినిపించింది.

"మళ్ళీ తిప్పించెయ్," అన్నాడు ఆయన. అది అడగడమే. ఆమెను ఏదైనా అడగడం అదే మొదలు. "వడ్రంగికి నేనే చెప్తాలే."

"కుదరదు. పాత గాట్లు పూడ్చి చెక్క అంటించాడు. మళ్ళీ తొలిస్తే అంచు చీలిపోతుంది."

చీలదు. ఒక పూట పని కూడా కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, మీటర్లు చూసిన మనిషికి తెలియదు.

"ఇన్నేళ్ళూ మీ వైపు ఉన్నాయి," అంది. "ఇకమీదట నా వైపు ఉంటాయి."

ఆయన లోపలికి జరిగాడు. తలుపు మూసుకుంది. ఆమె నడవాలో నిలబడి గీతలను చూసుకుంది. ఆయన వాటికి ఎంత దగ్గరగా పడుకున్నా, మధ్యలో టేకు చెక్క. అనుకున్న దారిలో కాకపోయినా, రావాల్సింది వచ్చింది. ఆ రాత్రి ఆమె కంటినిండా నిద్రపోయింది.

పొద్దున లేచి నడవాలోకి వస్తే, చివర ఎప్పుడూ లేని వెలుతురు కనబడింది. బావగారి గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలికి తెరుచుకునే రెక్క గోడదాకా పోయి ఆనింది. బయటివైపు ముఖం, గీతలతో సహా, ఇప్పుడు ఆయన మంచం వైపు తిరిగి ఉంది. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

తలుపు తెరిస్తే ఎటు తిరుగుతుందో ఆమె చూసుకోలేదు. ఆ మనిషి తలుపు తెరిచి ఉంచుతాడని లెక్కలోకే తీసుకోలేదు.

వంటగది గోడకి ఇంకా కిటికీ బిగించలేదు. అటునుంచి గాలి వచ్చినప్పుడల్లా రెక్క నెమ్మదిగా కదిలి, ఆయన చూస్తుండగానే మూసుకుపోయేది. ఆయన లేచేవాడు. ఒక చేత్తో నడుము పట్టుకుని వచ్చి, తెరిచి, గోడకి నొక్కి, మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. మూసుకున్న రెక్క మీద చెయ్యి అలవాటుగా ముందు గీతలుండే చోటికి పోయేది. నున్నటి చెక్క తగిలి పిడి దగ్గరికి వచ్చేది. ఆమె పొయ్యి దగ్గర పాలు కాస్తూ చూస్తోంది. మొదటిసారి లేచినప్పుడు మంచిదే అనుకుంది. లేవనీ. రెండోసారి కూడా అలాగే అనుకుంది.

పాలు పొంగాయి. పొయ్యి కట్టేసి, పెరట్లోకి వెళ్ళి, మేస్త్రి మిగిల్చిన కుప్పలోంచి ఒక ఇటుక తీసి దుమ్ము దులిపింది. తిరిగొచ్చి ఆ గది గడప దాటి లోపలికి వెళ్ళింది. గీతలకు కాస్త పక్కగా, అవి మూసుకుపోకుండా, రెక్కకి అడ్డంగా ఇటుకను కాలితో నెట్టింది.

"రేపు వడ్రంగి చేత కొక్కెం వేయిస్తాను," అంది. "అప్పటిదాకా ఇది ఉంటుంది."

ఆయన ఇటుకను చూశాడు, తర్వాత ఆమెను.

"వడ్రంగి ఎలాగూ వస్తున్నాడు కదా," అన్నాడు. "తిప్పించడం అస్సలు కుదరదా?"

ఆమె గొంతుకూర్చుని, ఇటుక సరిగ్గా ఆనిందో లేదో చూసి, గీతల దగ్గర పేరుకున్న దుమ్ము బొటనవేలితో తుడిచింది.

"కుదరదన్నానుగా బావగారూ."